సోదరుని సోదరి

చంద్రపూర్ తెలుగు సోదర మండలి తన పాతికేళ్ల చరిత్రను పోయిన ఏడాది పుస్తకంగా అచ్చు వేసుకుంది. అట్ట మీద పేరొక్కటే తెలుగులో ఉంది. లోపలంతా మరాఠీ. తెలుగు భాషాభిమానం గురించి రాసిన పెద్ద వ్యాసం కూడా మరాఠీలోనే ఉంది. రాసినవాడికి గానీ చదవాల్సినవాళ్లకు గానీ తెలుగు అక్షరాలు రావు మరి. పుస్తకం నడిమధ్యన రంగుల్లో నా ఫోటో ఒకటి వేశారు. వేదిక మీద ఒక అబ్బాయి చేతికి నేను రాఖీ కడుతుంటాను. కింద ‘మన మండలి పవిత్ర సంప్రదాయం’ అని ఒక ముక్క. ఆ అబ్బాయి నాకేమవుతాడో మాత్రం రాయలేదు.

చరిత్ర అని పేరు పెట్టుకున్నాక అది కూడా ఉండాలి కదా. నేను కాగజ్‌నగర్‌లో అమ్మమ్మ దగ్గరుండి పదో తరగతి దాకా తెలుగులోనే చదువుకున్నాను. కాబట్టి మిగిలిన చరిత్ర నేను రాస్తున్నాను. వాళ్లలో ఎవరూ చదవలేరన్న ధైర్యం కూడా ఉంది.

ఆ మండలి పుట్టింది లడ్డూల వల్ల. 1970లో కోర్పనా వైపు నుంచి అప్పలనర్సయ్య అనే పటేల్‌గారి అబ్బాయి చంద్రపూర్‌లో బీకాంలో చేరాడు. ఆ వేసవిలోనే అతనికి సొంత మేనమామ బిడ్డ బాలమ్మతో పెళ్లయింది. ఆ సంబరంలో కాలేజీ మెస్సులో అందరికీ లడ్డూలు పంచాడు. నాగపూర్ కుర్రాడొకడు లడ్డూ నములుతూ, మీ తెలుగువాళ్లు చెల్లెళ్లనే చేసుకుంటారట కదా, నిజమేనా అని అందరి ముందూ అడిగాడు. మెస్సంతా నవ్వింది. అడిగినవాడి కులంలో కూడా మామ కూతుర్ని చేసుకోవడం ఉంది. ఆ మాట ఎదురడిగి ఉంటే నవ్వు అటువైపు తిరిగేది. మనవాడికి అది తోచలేదు. గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తలుపు తీసేసరికి మండలి తయారైంది.

మా రాజురా తాలూకా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది, తర్వాత మహారాష్ట్రలో కలిసింది. అందుకని మా పిల్లలకు వార్ధా నది దాటి చంద్రపూర్‌లో అడుగు పెట్టగానే, మనల్ని ఎవరేమనుకుంటారో అన్న బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగకు మందు కనిపెట్టానని అప్పలనర్సయ్య అనుకున్నాడు. ఇకమీదట తెలుగు పిల్లలందరూ అన్నదమ్ములు. కొత్తగా చేరేవాడు పసుపు నీళ్లలో చెయ్యి ముంచి, పెద్ద సభ్యుడి భుజం మీద ఆ చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం తెలుగులోనే, కానీ అట్టముక్క మీద మరాఠీ అక్షరాల్లో రాసి ఉంటుంది. అన్న మాట జవదాటను. సోదరుని సోదరి నా సోదరి. మండలి రాజ్యాంగమంతా ఈ రెండు ముక్కలే.

రెండో ముక్క చూడండి. మా సరిహద్దు ఊళ్లలో ఏ ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టినా ఏదో ఒక వరస కలుస్తుంది. సగం మంది ఒకరికొకరు బావా బావమరుదులే. వాళ్లందర్నీ తెచ్చి ఒక గదిలో చాప మీద కూర్చోబెట్టి అన్నదమ్ముల్ని చేశాడు మహానుభావుడు. అంటే ఒక్క ప్రమాణంతో మా ఊళ్లలోని పెళ్లికొడుకులందరూ పెళ్లికూతుళ్లందరికీ అన్నలైపోయారు. ఇందులో ఇంకో విశేషం ఉంది. బాలమ్మ తమ్ముడు దేవన్న కూడా మండలిలో మొదటి జట్టులోనే చేరాడు. ఆ లెక్కన బాలమ్మ సొంత మొగుడికి చెల్లెలవ్వాలి. దీనికి ఏం చేశారంటే, స్థాపక సభ్యులకు ఈ నియమం వర్తించదని రాసుకున్నారు. తను చేసుకోవలసింది చేసుకున్నాక ఊరందరికీ అడ్డంగా కట్టె పెట్టడం అంటే ఇదే.

ఈ నియమాన్ని లోకానికి చూపించుకోవడానికి రాఖీ పున్నమి ఒకటి దొరికింది. ప్రతి సభ్యుడి అక్కచెల్లెళ్లూ ఆ రోజు చంద్రపూర్‌కు రావాలి, వచ్చి సభ్యులందరికీ రాఖీలు కట్టాలి. విరూర్ నుంచి ప్యాసింజర్ బండిలో, రాజురా నుంచి ఎర్ర బస్సుల్లో, మాజ్రి గనుల దగ్గర్నుంచి లారీల్లో కూడా ఆడపిల్లలు వచ్చేవాళ్లు. అబ్బాయిల చేతులు మణికట్టు నుంచి మోచేతి దాకా రాఖీలతో నిండిపోయేవి. ఎవరికి ఎక్కువయ్యాయో చూసుకొని మురిసిపోతూ ఫోటోలు దిగేవాళ్లు. ముఖ్య అతిథి ఉపన్యాసం అయ్యేదాకా అమ్మాయిలు పళ్లేలు పట్టుకొని ఎండలో వరుసలో నిలబడాలి. తర్వాత భోజనాలు. చెల్లెళ్ల మీద అంత గౌరవం ఉన్న మండలి ఇన్నేళ్లలో మొదటి పంక్తిలో ఒక్క చెల్లెల్ని కూడా కూర్చోబెట్టలేదు.

పుస్తకంలో లేని ఇంకో సంగతి ఎడ్వర్డ్‌ది. అతను కాగితపు మిల్లు కాలనీ నుంచి వచ్చిన క్రైస్తవుల అబ్బాయి. తోటి సభ్యుడి చెల్లెలు హెలెన్‌ను ఇష్టపడ్డాడు. ఇద్దరికీ వరస కుదురుతుంది, ఇళ్లలో ఒప్పుకున్నారు. మండలి ఒప్పుకోలేదు. ఎడ్వర్డ్ ఒక సాయంత్రం వచ్చి, నాకు మీ మండలి వద్దు అని చెప్పి వెళ్లిపోయాడు. చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. మండలి ఆ పెళ్లికి పోకూడదని నిర్ణయించింది. వీళ్లు రాలేదని అక్కడ ఎవరూ గమనించలేదు. ఇప్పుడు వాళ్లకు ఇద్దరు పిల్లలు, బాగున్నారు. మండలి చరిత్రలో మాత్రం ఎడ్వర్డ్ అనేవాడు పుట్టనే లేదు.

ఇంత వెర్రితనం ఏనాడో చచ్చిపోవలసింది. బతికించింది కొత్త కాలం. నేను కాలేజీలో చేరిన రోజుల్లోనే దేశమంతా మారిపోతోందని పేపర్లు రాయడం మొదలుపెట్టాయి. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. ఇదివరకు ఉద్యోగం కావాలంటే ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు నమోదు చేసుకొని ఎదురు చూసేవాళ్లు. ఇప్పుడు అన్నీ కాంట్రాక్టుల మీదే నడుస్తున్నాయి, కాంట్రాక్టర్ నోటిమాటే ఉద్యోగం. ఆ కాంట్రాక్టర్ ఎవరయ్యా అంటే అప్పలనర్సయ్య. మాజ్రి బొగ్గు అతని లారీల మీదే కదిలేది, ఫ్యాక్టరీలో లోడింగ్ పని అతనిదే. తెల్ల మారుతి కొన్నాడు, మండలి గది కింద ఎస్టీడీ బూత్ పెట్టించాడు, సఫారీ సూటు వేసుకొని తిరిగాడు. అన్న మాట జవదాటను అన్న మొదటి ముక్కకు అప్పుడు అసలు బరువు వచ్చింది. జవదాటితే కూడు పోతుంది.

ఇక మా ఇంటి సంగతి. మాది విరూర్. మా నాన్న ఆశన్న పత్తి పండిస్తాడు. నాన్నకు ఒక్కతే చెల్లెలు, రాజక్క అత్త. ఆమెను కోర్పనా దగ్గరి ఊరికిచ్చారు. ఆమె కొడుకు ప్రమోద్. నేను పుట్టినప్పుడే అత్త నన్ను ఒళ్లో పెట్టుకొని, ఇది నా కోడలు అన్నదట. ఆ మాట ఎవరో పెద్దవాళ్లు నా నెత్తిన రుద్దారని అనుకోవద్దు. ప్రమోద్ బావంటే నాకిష్టం. చాలా ఇష్టం. నాకు సైకిల్ నేర్పింది అతనే. నేను పడితే లేపకుండా పక్కన నిలబడి నవ్వేవాడు. కాలేజీలో చేరాక కూడా శనివారం ప్యాసింజర్ దిగి, మాణిక్‌గఢ్ గుట్టల సీతాఫలాలు తువ్వాలులో మూటకట్టి తెచ్చేవాడు. బండి కూత వినపడితే నేను తల దువ్వుకోవడానికి లేచేదాన్ని. అమ్మ చూసి నవ్వేది, నేను సిగ్గుపడేదాన్ని కాదు.

బావ మండలిలో చేరినప్పుడు ఎవరికీ ఏ చిక్కూ కనపడలేదు. మా ఇంటి నుంచి అందులో ఎవరూ లేరు కాబట్టి నేను ఎవరి చెల్లెల్నీ కాదు. రెండేళ్ల తర్వాత నా తమ్ముడు రాకేష్ చంద్రపూర్ వెళ్లి, ఉండటానికి గది దొరుకుతుందని మండలిలో చేరాడు. పసుపు నీళ్లలో చెయ్యి ముంచి వచ్చాడు. మరుసటి వారం ఇంటికి వచ్చినప్పుడు ప్రమోద్‌ను అన్నా అని పిలిచాడు. నాన్నకు నవ్వాగలేదు. బావను పట్టుకొని అన్న అంటావేందిరా, రేపు నీ అక్కను ఎవరికిచ్చి చేస్తావు అని ఎగతాళి చేశాడు. రాకేష్ నవ్వలేదు. అప్పుడే నాకు కొంచెం భయం వేసింది. నన్నెవరూ అడగకుండానే నేను సోదరుని సోదరినైపోయాను.

ఒక ఏడు జ్వరమన్నాను, ఒక ఏడు పరీక్షలన్నాను, ఇంకో ఏడు పత్తిలో కలుపు తీయాలన్నాను. అలా రాఖీ పున్నమి తప్పించుకుంటూ వచ్చాను. పాతికేళ్ల పండుగ వచ్చేసరికి సాకులు చెల్లలేదు. ఈసారి ప్రతి సోదరి రావలసిందే అని అప్పలనర్సయ్య హుకుం వేశాడు. నాగపూర్ నుంచి పెద్ద అతిథులు వస్తున్నారు, వీడియో తీస్తున్నారు. రాకేష్‌కు మండలి కార్యదర్శి పదవి దాదాపు ఖాయమైంది. ప్రమోద్‌కు సిమెంటు ఫ్యాక్టరీ లోడింగ్‌లో సూపర్‌వైజర్ పని ఇప్పిస్తానని అప్పలనర్సయ్య మాట ఇచ్చాడు. ఆ పని రాగానే మా పెళ్లి.

ఒక ఆదివారం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. వాకిట్లో మంచాలు వేసుకొని నాన్నను మధ్యలో కూర్చోబెట్టుకొని మాట్లాడారు. నేను పత్తి గింజలు ఏరుతూ అంతా విన్నాను. రాకేష్ మండలిలోంచి తప్పుకుంటే నేను సోదరిని కాను. ప్రమోద్ తప్పుకుంటే అతను నాకు అన్న కాడు. ఇద్దరిలో ఒక్కరు తప్పుకుంటే చాలు. కార్యదర్శి కాబోతున్న సమయంలో తనెలా తప్పుకుంటానని రాకేష్ అన్నాడు. ఉద్యోగం వచ్చే సమయంలో తనెలా తప్పుకుంటానని ప్రమోద్ అన్నాడు. నువ్వు పెద్దవాడివి అని ఒకడు, నీ అక్క కదా అని ఇంకొకడు. ఎవరో ఒకరు మానుకోండ్రి, కులంలోంచి ఏం వెలివేస్తలేరు గదా అన్నాడు నాన్న. ఇద్దరూ ఆయన వైపు జాలిగా చూశారు. చదువుకోని ముసలాయనకు ఏం తెలుస్తుంది అన్నట్టుంది ఆ చూపు.

చివరికి ఆ ఇద్దరు మొనగాళ్ల బుర్రలూ కలిసి ఒక ఉపాయం కనిపెట్టాయి. నేను వేదిక మీద అందరికీ రాఖీ కడతాను. ప్రమోద్‌కు కూడా కడతాను. కానీ అతనికి కట్టేది పేరుకు మాత్రమే. ఆ సంగతి మండలి కార్యవర్గం తీర్మానం చేస్తుంది. పెళ్లి విరూర్‌లో, నలుగురి మధ్య, చడీచప్పుడు లేకుండా అవుతుంది. నదికి ఆ పక్కన చెల్లెలు, ఈ పక్కన పెళ్లాం. ఇంతకన్నా సులువైన పని లేదన్నట్టు ఇద్దరూ మజ్జిగ తాగారు.

నేను ప్రమోద్‌ను పశువుల కొట్టం దగ్గరికి పిలిచాను. నాకు అప్పటికీ అతని మీద నమ్మకం పోలేదు.

“బావా, గిది నీకు మంచిగనే అనిపిస్తుందా?” అని అడిగాను.

“పేరుకే గదా ప్రతిభా. అటెన్క దారం తెంపేస్త,” అన్నాడు.

“దారం తెంపుతవ్. నన్ను చూస్తే మల్ల ఏమనిపిస్తది నీకు? నాకేమనిపిస్తది?”

నేను ఇంకేమీ వాదించలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క సులువైన దారి చెప్పాను.

“నువ్వు చెయ్యి చాపకు. చేతులు జేబుల పెట్టుకో. నేను పక్కోనికి పోత. గంతే. ఎవ్వడేమన్న గానీ, మనం పెండ్లి చేసుకుందాం. పని ఈడ గాకపోతే ఇంకోచోట దొరుకుతది.”

సరే అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రాఖీ పున్నమి నాడు టౌన్‌హాలు నిండిపోయింది. గుమ్మానికి అరటి బోదెలు, వేదిక మీద పెద్ద బ్యానరు. బ్యానరు మీద తెలుగు అక్షరాలు రాసినవాడికి తెలుగు రాదు, కట్టినవాళ్లకూ రాదు, కాబట్టి దాన్ని తలకిందులుగా కట్టారు. నేను చెప్పాక సరిచేశారు, అది కూడా కాసేపు వాదించాక. సభ్యులు తెల్ల చొక్కాలు వేసుకొని వేదిక మీద వరుసగా నిలబడ్డారు. సోదరీమణులం పళ్లేలు పట్టుకొని కింద నిలబడ్డాం. అప్పలనర్సయ్య మైకు ముందు నిలబడి, స్త్రీని సోదరిగా చూడటం మండలి ఈ జిల్లాకు నేర్పిందని మరాఠీలో చెప్పాడు. నాగపూర్ అతిథులు చప్పట్లు కొట్టారు. పాతికేళ్ల కిందట లడ్డూ తిన్నవాడు వాళ్లలో ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా వాడికి ఆ మాట గుర్తుండదు. మనవాడు మాత్రం ఆ ఒక్క మాటకు జవాబుగా ఇంతమంది పెళ్లిళ్లు చెడగొట్టాడు.

వేదిక మెట్ల దగ్గర అప్పలనర్సయ్య భార్య బాలమ్మ నిలబడి అమ్మాయిల పళ్లేల్లో కుంకుమ వేస్తోంది. నా పళ్లెంలో వేస్తూ నా ముఖం చూసింది. సంగతి ఆమెకు తెలిసినట్టుంది.

“నా పెండ్లి ముందే అయింది బిడ్డా, బతికిపోయిన,” అంది మెల్లగా.

నేను వరుసలో నడిచాను. ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి దారం కట్టాను. ముఖాలు గుర్తు లేవు, చాపిన చేతులే గుర్తున్నాయి. ప్రమోద్ ముందుకు వచ్చాను. అతని చేతులు నేను చెప్పినట్టే ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ హాలులో ఉన్న అందరికంటే అతను నాకు పెద్దవాడిలా కనిపించాడు. పక్కవాడి దగ్గరికి పోదామని అడుగు కూడా వేశాను.

అప్పుడు అప్పలనర్సయ్య మైకు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. కోపంగా కూడా చూడలేదు. వరుస ఎందుకాగింది అన్నట్టు ఊరికే చూశాడు, అంతే. ప్రమోద్ కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. నా వైపు చాచాడు. నా ముఖం చూడలేదు.

నేను కట్టకుండా వెళ్లిపోవచ్చు. కానీ అతను చెయ్యవలసిన పనిని అతని తరఫున నేను చేసినట్టవుతుంది. తర్వాత జీవితమంతా అదే చెయ్యాలి. ఎవరు ఎటు చూస్తే అటు చెయ్యి చాపే మనిషిని పక్కనుండి వెనక్కి లాగుతూ ఉండాలి. నాకు ఆ క్షణాన ఒళ్లంతా అసహ్యం వేసింది. అతని నుదుట బొట్టు పెట్టాను. రాఖీ కట్టాను, మిగతావాళ్లందరికన్నా గట్టిగా ముడి వేశాను. కెమెరా వెలుగు పడింది. వాళ్ల చరిత్రలో ఉన్న ఫోటో అదే.

వచ్చేటప్పుడు బండిలో రాకేష్ చాలా హుషారుగా ఉన్నాడు. కార్యదర్శి పదవి వచ్చింది, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఈ సంగతి రాజక్క అత్తకు చెప్పవద్దని, ఆమెకు ఇలాంటివి అర్థం కావని నాకు బోధించాడు. నిజమే, అర్థం కావు. అత్త ఏ ఏడూ తప్పకుండా కోర్పనా నుంచి బస్సులో వచ్చి నాన్నకు రాఖీ కట్టి పోయే మనిషి. ఆ ముడి మీద ఆన పెట్టిందంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. రాఖీ పేరుకు కట్టుకోవచ్చని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పోలాల పండుగకు ముందే పూలూ పండ్లూ పెట్టుకొని పెళ్లి ఖాయం చేసుకుందామని అత్త కబురు పంపింది. మామతో, కొడుకుతో వచ్చింది. కొత్త పళ్లెంలో కొబ్బరికాయ, పూలు, పండ్లు, ఆకుపచ్చ పట్టుచీర. ప్రమోద్ పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ముడి విప్పడానికి రాక కత్తెరతో కోసినట్టున్నాడు, మణికట్టు దగ్గర చిన్న గాటు కనపడింది. వాకిట్లో మంచాల మీద అందరూ కూర్చున్నారు. నాన్న, అమ్మ, రాకేష్ కూడా ఉన్నారు. అందరూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు.

నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. అత్తకు ఇచ్చాను, మామకు ఇచ్చాను. మళ్లీ నింపుకొని ప్రమోద్ ముందు నిలబడ్డాను.

“నీళ్లు తీస్కో, అన్నా,” అన్నాను.

అత్త మొదట నవ్వింది, నేను వేళాకోళమాడుతున్నానని. “గిదేందే, బావను పట్టుకొని అన్న అంటున్నవ్?”

“రాఖీ కట్టిన అత్తా. చంద్రపూర్‌ల, అందరి ముంగట.”

రాకేష్ లేచి నిలబడ్డాడు. అది నిజం రాఖీ కాదని, పేరుకు మాత్రమేనని, మండలి ఏకగ్రీవంగా తీర్మానం చేసిందని గబగబా చెప్పాడు. అత్త వాడి వైపు తిరగనైనా లేదు. కొడుకును చూస్తూ అడిగింది.

“నువ్వు చెయ్యి చాపినవా, వాళ్లు గుంజిన్రా?”

“అప్పలనర్సన్న సూస్తుండె అమ్మా.”

“నేనడిగింది గది కాదు.”

“చాపిన,” అన్నాడు ప్రమోద్.

అత్త నా మీద పెట్టుకున్న ఆశ ఇరవై ఏళ్లది. పళ్లెంలోంచి చీర ఒక్కటి తీసి పక్కన పెట్టింది, మిగతా దాని మీద తువ్వాలు కప్పింది.

“అయితే గా తీర్మానాన్నే చేసుకో కొడకా,” అంది. తర్వాత నాన్నతో, “అన్నా, నీ బిడ్డ తప్పేం లేదు. గీ చీర మేనత్త పెట్టిందనుకొని కట్టుకొమ్మను,” అని చెప్పి చెంగుతో కళ్లు తుడుచుకుంది.

నేను ఇంకా చెంబు పట్టుకొని నిలబడే ఉన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పటికి కూడా నాలో ఒక మూల ఆశ ఉంది. ఇప్పుడైనా లేచి ఏదో ఒకటంటాడని చూశాను. నన్ను తిట్టినా సరే, మండలిని తిట్టినా సరే, వాళ్లమ్మ కాళ్లు పట్టుకున్నా సరే. ప్రమోద్ నా వైపు చూడలేదు, వాళ్లమ్మ వైపూ చూడలేదు. చెయ్యి చాచి చెంబు అందుకున్నాడు, ఎత్తి గటగటా నీళ్లు తాగాడు, మూతి తుడుచుకున్నాడు. తర్వాత కార్యదర్శిగారి వైపు తిరిగాడు.

“రాకేష్, ఇగ మండలిల ఏం చెప్పాలె?” అని అడిగాడు.

వేదిక మీద నేను ఏడవలేదు. అత్త ఏడుస్తున్నప్పుడు కూడా ఏడవలేదు. ఆ మాట విన్నాక లోపలికి పోయి, ఇన్నేళ్లూ బండి కూత వినపడగానే తల దువ్వుకున్నది వీడి కోసమా అని కుమిలి కుమిలి ఏడ్చాను.